పిడికెడు బియ్యము



క్రైస్తవ జీవితమున ఆత్మ సంబంధమైన వాటికి ఏ స్థానము, లౌకిక వస్తువులకు ఏ స్థానము అని మాటలాడబూనినవారు సాధారణముగా సువార్తలలోని ధనికుడైన యువకుని కథతో మొదలుపెట్టుదురు. కలిగినదంతయు అమ్మి బీదలకిచ్చి తన వెంట రమ్మని ప్రభువు చెప్పగా, మిక్కిలి ఆస్తి గలవాడు గనుక ఆ యువకుడు మొగము చిన్నబుచ్చుకొని వెడలిపోయెను. గొప్ప కథయే, దానిమీద మన సంఘములలో ఏటేట ఎన్ని ప్రసంగములు వినవచ్చునో లెక్కలేదు. కాని ఈ ఓరుగల్లు ప్రాంతమున, ఆ మాటకు వచ్చిన యావత్తు తెలుగు దేశమున, మొదటి తరము క్రైస్తవులలో అత్యధికులకు అమ్ముకొనుటకు ఆస్తియే లేదు. పాలేరుతనము చేయువాడు, చెప్పులు కుట్టువాడు, గడిలో దొరకు వెట్టి చేయువాడు, వీరి గుడిసె ముంగిట నిలిచి లోకవస్తువులపై మమకారము విడువుమని బోధించినచో, విడుచుటకేమున్నదని వారు తిరిగి అడిగియుందురు. అడిగినచో తప్పును కాదు. కావున ధనికుల సంగతి ఒకింత ప్రక్కనుంచి, లేనివారి నడుమ ఈ ప్రశ్న ఎట్లు పుట్టినది, వారు దానికెట్లు జవాబు చెప్పిరి అను విషయమునే నేడు ముచ్చటింపదలచితిని. ఆ జవాబు వేదాంత గ్రంథములలో కంటె మన జిల్లాల చరిత్రలోనే స్పష్టముగా దొరకునని నా నమ్మకము.

ఒంగోలుతో మొదలుపెట్టవలెను. హనుమకొండకు 1879లో వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషను నెల్లూరు, ఒంగోలులలో వేళ్లూనిన మిషనే గనుక, ఇచ్చటి సంఘముల పూర్వచరిత్ర అచ్చట ఉన్నది. 1866లో జాన్ క్లౌ అను మిషనరీ ఒంగోలున కాపురము పెట్టిరి. ఆ యేడే తాళ్లకొండపాడు నివాసి యర్రగుంట్ల పేరయ్యగారు బాప్తిస్మము పొందిరి. పేరయ్యగారు మాదిగ కులమున పుట్టి, తోళ్ల వర్తకము చేసికొనుచు, క్రైస్తవ బోధ చెవిని పడకమునుపే రాజయోగ మార్గమున గురువుల నాశ్రయించి పరమార్థమును వెదకుచుండినవారు. ఈ సంగతిని నేను పనిగట్టుకొని చెప్పుచున్నాను. ఏలయన, బీదవాడు దేవుని వెదకినాడని వినగానే వాని హృదయమును గాక కడుపును తడిమి చూచు అలవాటు మన పెద్దమనుష్యులకు నేటికిని పోలేదు. పేరయ్యగారికి తిండికి లోటులేదు, వర్తకము నడుచుచున్నది. ఆయన కొరత వేరు.

ఆయన వెంట సంఘమున చేరినవారికి క్లౌ దొర పెట్టిన నియమములు మూడు. ఆదివారము పనిచేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములను కొలువరాదు. పట్టణమున కూర్చుండి చదువువారికి ఇవి మతాచార నియమములుగా మాత్రమే తోచును. పల్లెకు పోయి చూచినచో ఒక్కొక్క నియమము వెనుక ఒక్కొక్క నష్టము కానవచ్చును. ఊరిలో పశువు చచ్చినచో దానిని లాగివేయుట మాదిగ వంతు, దాని తోలును మాంసమును వాని హక్కు. జాతరనాడు డప్పు కొట్టుట వాని పని, కళ్లములో మేర గింజలు వాని కూలి. జాతరకు డప్పు కొట్టనన్నవాడు పంటకాలమున కళ్లము దగ్గర చేయి చాచుట ఎట్లు? కోతలు ముమ్మరముగా సాగుచుండగా ఆదివారమని యింట కూర్చున్నవానిని సోమవారము రైతు పనికి పిలుచునా? కరణములును మోతుబరులును కన్నెఱ్ఱ చేసిరి. గింజలు ఆగినవి, కొన్ని ఊళ్లలో దారియు నీరును ఆగినవి. ఇంత జరిగినను ఆ మనుష్యులు నియమములను పట్టుకొని వ్రేలాడిరి. ఆస్తిపరుడు ఆస్తిలో కొంత విడుచుట త్యాగమని మనము పొగడుదుము. రేపటి అంబలికి హామీగా ఉన్న ఒకే ఒక హక్కును విడుచుకొనుటకు ఏ పేరు పెట్టవలెనో నాకు తెలియదు.

అంతలో మిషనరీకే పరీక్ష వచ్చినది. ఒంగోలు పాఠశాలకు పై కులముల బాలురు వచ్చుచుండిరి, ఊరి పెద్దల ప్రాపకము దొరకుచున్నది. మాదిగలను సంఘమున చేర్చుకొన్నచో మా పిల్లలను పంపమని ఆ పెద్దలు ఖండితముగా చెప్పివేసిరి. దొరయు దొరసానియు వేర్వేరుగా ప్రార్థించి బైబిలు తెరువగా, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చిన భాగమే ఇరువురికిని కనబడినదని వారు చెప్పుకొనిరి. ఆ సంయోగమును నమ్ముటయో మానుటయో శ్రోతల ఇష్టము. పర్యవసానము మాత్రము నిర్వివాదము: బడి ఖాళీ అయినది, పలుకుబడి పోయినది, మాదిగపల్లెలు మిగిలినవి.

ఇక 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును దహించిన మహా క్షామము. మన పెద్దలు ధాత కరవని చెప్పుకొన్నది. వానలు లేవు, పశువులు మడిసినవి, మనుష్యులు ఆకులలములు తిని దారుల వెంట కూలిపోయిరి. ప్రభుత్వమువారు కరవుపనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్వించుచుండిరి. యౌవనమున సర్వే పని నేర్చిన క్లౌ దొర ఆ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకమును కంట్రాక్టుకు తీసికొని, తన బోధకులనే మేస్త్రీలుగా నియమించి, వేలమందికి కూలి కల్పించిరి. క్రైస్తవులా కాదా అని అడిగి పని యిచ్చుట లేదు. పలుగు పట్టగలవానికి పలుగు, తట్ట మోయగలదానికి తట్ట. విశ్రాంతి వేళలలో అలసి కూర్చున్న కూలీల నడుమ ఆ మేస్త్రీలు కూర్చుండి ఓదార్చిరి, కష్టజీవులకు విశ్రాంతినిత్తునన్న ప్రభువు మాట వినిపించిరి. నిన్నటివరకు పల్లెలో తమవలెనే బ్రతికిన మేస్త్రీ తమ భాషలో చెప్పుచున్న మాట గనుక అది వారి చెవికెక్కినది.

ఆ దినములలోనే పల్లెలకు పల్లెలు బాప్తిస్మమిమ్మని అడుగసాగినవి. సంఖ్యలను చూచి మురియు మిషనరీకి అంతకంటె మంచి అదను ఏమున్నది? విదేశమున చందాలిచ్చువారికి వ్రాయుటకు ఎంతటి శుభవార్త! క్లౌ దొర ఈయలేదు. చేతిలో కూలి డబ్బులుండగా, ఇంటిముందు సహాయ ధాన్యముండగా, ఒక్కనికిని బాప్తిస్మమీయనని పట్టుపట్టి, పదునైదు మాసములు ఆ తలుపు మూసియుంచిరి. అడిగినవారు ఏడ్చిరి, బోధకులు బ్రతిమాలిరి, ఆయన కదలలేదు. 1878 నడుమ వానలు పడి, కరవు సహాయము ముగిసి, పంచుటకు గింజ మిగులని స్థితి వచ్చిన పిమ్మట, ఇక నా యొద్ద సహాయమేమియు లేదు, ఆశించువారు రావలదని జాబులు పంపి, ఒంగోలుకు ఉత్తరమున గుండ్లకమ్మ ఒడ్డునున్న వెలంపల్లిలో బోధకులను కలిసికొనబోయిరి. జనము వెల్లువగా వచ్చెను. సహాయము లేదు, ఇండ్లకు పొండని వారితో మరల చెప్పిరి. సహాయము మాకక్కరలేదు, కాయలు కాచిన మా చేతులను చూడుడు, కష్టించి బ్రతికెదము, పంట మరల తప్పినచో చచ్చెదము, ఆ చావు క్రైస్తవులముగా చత్తుమని వారు బదులు పలికిరట. ఈ సంవాదమును దొర తన జీవిత కథలో పొందుపరచియున్నారు. అంతట తలుపు తెరచుకొన్నది. 1878 జులై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది గుండ్లకమ్మలో మునిగి లేచిరి. స్నానమిచ్చినవారు ఆరుగురు బోధకులు, ఇద్దరేసి చొప్పున వంతులవారీగా. ఆ ఇద్దరు అలసినచో మరి యిద్దరు.

ఈ కథను వినిపించునప్పుడు చాలమంది 2,222 అను అంకె దగ్గర ఆగి చప్పట్లు కొట్టుదురు. నా దృష్టి ఆ పదునైదు మాసములమీదనే నిలుచును. కరవు పోయినను కరవు నేర్పిన భయము పోదు గదా, ఆ వచ్చినవారిలో రేపటి రక్షణకై వచ్చినవారు లేరా యని సంశయించువారు కలరు. ఉండిరేమో. మూడువేల అయిదువందలమంది హృదయములను తెరచి చూడగలవాడు భగవంతుడొక్కడే. కాని మనుష్యుడు చేయగల పని ఒకటి ఉన్నది, దానిని ఆయన చేసెను: ఆకలిగొన్నవానికి దేవుని పేరు అడుగక అన్నము పెట్టెను, దేవుని అడిగినవానికి అన్నము చూపక దేవుని చూపెను. ఈ రెండును ఒకే చేతితో చేయుట ఎంత కష్టమో సంఘములు నడుపువారికి తెలియును.

ఇది క్లౌ దొర కల్పించినది కాదు. సువార్తలలోనే ఉన్నది. అరణ్యమున నలువది దినములు పస్తుండిన ప్రభువు తన ఆకలికై రాళ్లను రొట్టెలు చేసికొనుటకు ఒప్పుకొనలేదు. అదే ప్రభువు, జనుల ఆకలిని చూచి అయిదువేలమందికి రొట్టె విరిచి పెట్టెను, వారు అన్నముకొరకు తనను రాజును చేయజూచినప్పుడు కొండకు తప్పించుకొనిపోయెను. తన రొట్టె విషయమున ఒక న్యాయము, పొరుగువాని రొట్టె విషయమున వేరొక న్యాయము. లౌకికమును తృణీకరింపుమని సులువుగా ఉపన్యసించువారు సాధారణముగా ఈ రెండింటిని తారుమారు చేయుదురు. తమ భోజనము వేళకు కావలెను, ఎదుటివానికి మాత్రము వైరాగ్యము బోధింపవలెను. బీదవానికి వైరాగ్యము బోధించు ధనికుని చూచినప్పుడెల్ల నాకు కలుగు కోపమును ఈ ప్రసంగమున అణచుకొనుటకు ప్రయత్నించుచున్నాను.

ఓరుగల్లు శ్రోతలకు ఈ సందర్భమున బమ్మెర పోతనామాత్యుడు జ్ఞప్తికి వచ్చుట సహజము. భాగవతమును రాజునకంకితమీయక రామునికే సమర్పించిన ఆ మహానుభావుని కథ ఇచ్చటి గాలిలోనే ఉన్నది. మతములతో నిమిత్తము లేక తెలుగువాడెవడైన ఆ కథను విని తలయెత్తుకొని నడచును. పరమును ఇహమునకు అమ్మరాదను బుద్ధి మనకు ఓడలమీద దిగుమతి అయినది కాదు. అయినను ఒక్క భేదమును గమనింపవలెను. పోతన కాదన్నది రాజు ఇవ్వజూపిన భోగమును. మన పల్లె క్రైస్తవులకు ఏ రాజును ఏమియు ఇవ్వజూపలేదు. వారు విడువవలసి వచ్చినది కళ్లము మీది గింజలను.

ఇక ఒంగోలునుండి మన జిల్లాలకు వచ్చినచో, హనుమకొండ మిషను ఆసుపత్రి కట్టినది, బడులు పెట్టినది. డాక్టరు టింపనీ వంటి వైద్యులు రోగుల సేవలో జీవితములను ధారపోసిరి. మెదకున పాస్నెట్ దొర కరవు రోజులలో బీదలకు కూలియు కూడును దొరకునట్లుగా కట్టించిన మహాదేవాలయము 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠింపబడినది. కాజీపేటను కేంద్రముగా చేసికొని కతోలికుల వరంగల్ మేత్రాసనము 1952లో ఏర్పడినది. వీటినన్నింటిని వివరించుటకు వ్యవధి లేదు. నేను త్వరపడుట డోర్నకలు చేరుటకే.

డోర్నకలు నేడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్నను పాత వరంగల్ జిల్లాలోని ఊరే. సింగరేణి బొగ్గు రైళ్లు ప్రధాన మార్గమును కలియు జంక్షనుగా దానిని లోకమెరుగును. నిజాము రాజ్యమున వెనుకబడిన ఆ మూలకు సువార్తికులను పంపినది అమెరికావారును కారు, ఇంగ్లండువారును కారు. 1903లో ఏర్పడిన తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ. తమిళ క్రైస్తవులు తమ చందాలతో తమ మనుష్యులను తెలుగుదేశమునకు పంపిరి. ఆ సొసైటీ స్థాపకులలో ఒకరైన వేదనాయకము సామ్యూలు అజరయ్యగారు, వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దేశమంతట పేరున్న ఉద్యోగమును విడిచి, ముప్పదియయిదేండ్ల ప్రాయమున తెలుగు నేర్చుకొని, 1909లో డోర్నకలు పల్లెలలో పనికి దిగిరి. 1910లో ఎడింబరో మహాసభలో ఆయన నిలుచుండి, పాశ్చాత్య మిషనరీలు మాకు ఆస్తులిచ్చిరి, ప్రాణములిచ్చిరి, ఇక మాకు స్నేహితులు కావలెనను భావమును నిర్భయముగా పలికినప్పుడు సభ విస్తుపోయినది. దానమునకును స్నేహమునకును ఎంత దూరమున్నదో దానము పుచ్చుకొన్న జాతివాడే చెప్పగలడు. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో ఆయనకు బిషప్పుగా అభిషేకము జరిగినది. ఆంగ్లికను సంఘములో ఆ పదవినెక్కిన మొదటి భారతీయుడు ఆయనయే.

అజరయ్యగారు వచ్చునాటికి తెలుగు పల్లెలలో ఒక నమ్మకము స్థిరపడియుండెను: మిషను అనగా ఇచ్చునది, సంఘము అనగా పుచ్చుకొనునది. ఉపదేశి జీతము దొరలిత్తురు, గుడి పెంకులు దొరలు వేయింతురు, విశ్వాసి చేయవలసినది చాపమీద కూర్చుండుటయే. ఆయన ఈ నమ్మకము మీద గొడ్డలి పెట్టిరి. బీదవారు గనుక వీరినేమి అడుగుదుమని సాటి మిషనరీలు జాలిపడగా, జాలిపడి అడుగక మానుట వీరిని మనుష్యులుగా లెక్కింపకపోవుటయే యని ఆయన వాదము. దేవాలయమున రెండు కాసులు వేసిన బీద విధవరాలిని ప్రభువు వారింపలేదు గదా. క్రైస్తవ దానమును గూర్చి ఆయన ఒక చిన్న గ్రంథమే రచించిరి.

ఆ బోధ పల్లెలో ఏ రూపము దాల్చినదో చూడుడు. పొయ్యి ప్రక్కన ఒక చిన్న ముంత. ఇల్లాలు ఆ పూటకు కావలసిన గింజలను కొలిచి చేటలో పోసికొన్న పిమ్మట, ఎసట పెట్టకముందు, ఆ కొలతలోనుండియే ఒక పిడికెడు తీసి ఆ ముంతలో వేయును. బియ్యమే కానక్కరలేదు, మన తెలంగాణ పల్లెలలో నాడు వరియన్నము పండుగనాటి మాట, నిత్యము జొన్న గటకయే, కావున జొన్నలయినను సరియే. పూటకు పిడికెడు చొప్పున ఆదివారము నాటికి ముంత నిండును. ఆమె దానిని కొంగు చాటున పెట్టుకొని గుడికి తెచ్చి, అందరి గింజలతోపాటు గంపలో గుమ్మరించును. ఉపదేశి కొలిచి వ్రాసికొనును, గింజలు అమ్ముడుపోయి సంఘము లెక్కలో జమపడును. దీనికి పిడికెడు బియ్యపు కానుకయని పేరు. ఈ పద్ధతి తెలుగుదేశమునకే ప్రత్యేకమైనది కాదు, ఈశాన్య రాష్ట్రములలోని మిజోలు దీనిని ఎంతో శ్రద్ధతో పాటించుచున్నారు.

ఇందులో రెండు సూక్ష్మములున్నవి. మొదటిది, పిడికెడు తీయుట వంటకు ముందు. వండి, వడ్డించి, తిని, మిగిలినచో దేవునికి అనుట కాదు. ఆ కుటుంబమునకు ఏనాడును మిగులదు; మిగిలినదానితో భక్తి చేయవలెనన్నచో బీదవానికి భక్తియే లేకుండ పోవును. రెండవది, ఆ తీసిన పిడికెడు వలన ఆ పూట ఎవరి కంచములోనో ఆ మేరకు తరుగును. సాధారణముగా అది వండినదాని కంచమే. ఏ పూటకు ఆ పూట, రోజుకు రెండుమారులు, ఏది ముందు ఏది వెనుక అను నిర్ణయము ఒక నిరక్షరాస్య స్త్రీ చేతివ్రేళ్ల నడుమ జరిగిపోవుచున్నది. పెద్ద పెద్ద మాటలతో మనము ఉపన్యసించు ప్రాధాన్య నిర్ణయమును ఆమె మాటాడకయే, పిల్లవానిని చంకనెత్తుకొని, పొయ్యి ఊదుకొనుచు చేసినది.

ఆ గింజలతోనే సంఘములు ఉపదేశులను పోషించుకొనుట నేర్చినవి. పంట యింటికి వచ్చిన పిమ్మట కోత పండుగ. వడ్లు, జొన్నలు, గుమ్మడికాయలు, కోళ్లు, గ్రుడ్లు, మేకపిల్లలు, ఎవరికున్నది వారు మోసికొని వచ్చుట. డోర్నకలున 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడిన ప్రత్యక్షతా దేవాలయము, మసీదు గుమ్మటములను, గుడి స్తంభములను ఒకచోట చేర్చి అజరయ్యగారు తలపోసిన ఆ అద్భుతమైన కట్టడము, లేచుటకు ఏండ్లు పూండ్లు పట్టినది. నేటి కమిటీలైనచో అంత ఓపిక పట్టరు.

అయితే అజరయ్యగారు కానుకలడిగి ఊరకున్నవారు కారు. మురికి, రోగము, అప్పు, త్రాగుడు, ఈ నాలుగింటిని నాలుగు దయ్యములుగా వర్ణించి ఊరూర వాటిని వెడలగొట్ట పూనుకొనిరి. వస్తువులను తుచ్ఛముగా చూచువాడు సబ్బును గూర్చి, నూతి నీటిని గూర్చి, వడ్డీ లెక్కను గూర్చి మాటలాడడు. ఆత్మకు మొదటి స్థానమిచ్చినవాడు గనుకనే శరీరమునకు తగిన రెండవ స్థానమును గట్టిగా ఇప్పించిరి. స్థానమే ఇవ్వకుండుట ఆయన మతము కాదు. 1930ల నడుమ మహాత్ముడు, హరిజనులు లౌకిక ప్రయోజనములకు ఆశపడి మతము మారుచున్నారని హరిజన్ పత్రికలో పదే పదే ఆక్షేపించినప్పుడు, అజరయ్యగారు మారిన జీవితములనే సాక్ష్యముగా చూపిరి. త్రాగుడు మానిన పల్లెలను, చదువుకొన్న పిల్లలను చూచి పై కులముల రైతులును వేల సంఖ్యలో సంఘమున చేరిరన్నది చారిత్రక సత్యము. మహాత్ముని ఆక్షేపణలో నిజమే లేదని నేననను. ఆశ పెట్టి చేర్చుకొన్న మిషనులు లేకపోలేదు. కాని అజరయ్యగారి నిజాయితీకి వేరొక నిదర్శనమున్నది. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు ఇవ్వబడుచున్న కాలమున, తన జనులకు ప్రత్యక్ష లాభము కలుగునని తెలిసియు, అది సంఘమును రాజకీయ వర్గముగా మార్చివేయునని ఆయన దానిని ఎదిరించిరి. పల్లెటూరి ఇల్లాలిని పిడికెడు అడిగిన మనిషి, తన వంతు వచ్చినప్పుడు తానును విడిచెను. 1945 జనవరి 1వ తేదీన ఆయన పరమపదించునాటికి ఆయన బిషప్పుగా ఏలిన డోర్నకలు అధ్యక్ష మండలములో క్రైస్తవులు రెండు లక్షలకు పైబడిరి.

ఇక నేటి సంగతి. మనము ఆనాటివారివలె బీదలము కాము. మన పిల్లలు ఇంజనీర్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు, కొందరు టెక్సాసులో స్థిరపడినవారు. గుడిలో ప్రార్థన విన్నపముల చీటీలు చదువునప్పుడు వినుడు: వీసా రావలెను, ఇంటి ఋణము మంజూరు కావలెను, స్థలము తగవు తేలవలెను, అమ్మాయికి సాఫ్ట్‌వేరు సంబంధము కుదరవలెను. వీటిని అడుగరాదని నా అభిప్రాయము కాదు. ప్రభువు నేర్పిన ప్రార్థనలోనే అన్నము అడుగుట ఉన్నది. అయితే ఆ ప్రార్థనలో దేవుని నామము, దేవుని రాజ్యము, దేవుని చిత్తము ముగిసిన తరువాతనే అన్నము మాట వచ్చును. క్షమాపణకు, శోధనకు ముందు వచ్చును. అన్నము నడుమ ఉన్నది. మన చీటీలలో దానికి ముందు రావలసిన మూడును ఎగిరిపోయినవి, వెనుక రావలసిన క్షమాపణయు చాలవరకు ఎగిరిపోయినది.

కానుకలును అట్లే మారినవి. కోత పండుగ నేటికిని జరుగుచున్నది, పట్టణమున పొలములు లేవు గనుక అంగడిలో కొన్న గుమ్మడికాయను తెచ్చి బల్లమీద పెట్టుచున్నారు. దానిలో దోషము లేదు. తరువాత వేలము. ఒక కొబ్బరికాయకు పాట మొదలై, ఇద్దరు పెద్దల నడుమ పంతము పుట్టి, వందలు వేలై, చివరకు గెలిచినవారి పేరు మైకులో ముమ్మారు మ్రోగును. వేలము సరదాయే, పిల్లలకు పండుగయే, వచ్చిన సొమ్ము మంచి పనికే పోవును; కాని ఆ కాయను తెచ్చిన ముసలమ్మ పేరు ఏ మైకులోను వినబడదు. గోడలమీద దాతల శిలాఫలకములు, పంకా రెక్కల మీద దాతల పేర్లు. పంకా తిరుగుచున్నంతసేపు ఆ పేరు చదువుటకు వీలులేకుండుట ఒక్కటే ఊరట. కానుక పెట్టె ప్రక్కన ఫోనుతో డబ్బు పంపుటకు చదరపు గుర్తు అంటించిన గుడులను గూర్చి కొందరు పెద్దలు నొచ్చుకొనుచున్నారు. నాకందులో అభ్యంతరము కానరాదు. పిడికిలితో ఇచ్చినను ఫోనుతో ఇచ్చినను ఇచ్చుటయే. జీతము పడిననాడు పంపితిమా, కిస్తీలు, చీటీలు, సినిమాలు అయిన పిమ్మట ఇరువదియేడవ తేదీన పంపితిమా అన్నదే విచారింపవలసినది.

అంతకంటె నన్ను కలవరపెట్టునది, ఇచ్చినచో నూరంతలు తిరిగి వచ్చునని వేదికలమీద వినబడు బోధ. ఈ బోధ ప్రకారము కానుక పెట్టుబడి, దేవుడు వడ్డీ చెల్లించువాడు. పదునైదు మాసములు తలుపు మూసి ఒంగోలు దొర దేనిని లోనికి రానీయలేదో అదియే నేడు వేదికనెక్కి మాటలాడుచున్నది. ఆనాడు గింజలకై దేవుని అడుగువానిని ఆగుమనిరి. నేడు దేవుని అడుగ వచ్చినవానికి గింజలు చూపి రమ్మనుచున్నారు. ఇట్టి మాట విని, మిత్తికి తెచ్చి కానుకలిచ్చినవారును, పుస్తెలు కుదువపెట్టినవారును కలరు. వారి అమాయకత్వమును తప్పుపట్టను. కాని పిడికెడు బియ్యపు కానుకను ఈ వసూళ్లకు ఆధారముగా చూపువారికి ఒక మాట చెప్పవలసియున్నది. బీదవారిని కానుక అడిగిన అజరయ్యగారే అప్పును దయ్యమనిరి. పిడికెడు తీయవలసినది ఇంటిలో ఉన్న గింజలలోనుండి, షావుకారు గాదెలోనుండి కాదు. ఆ పూట చేటలో గింజలే లేనిచో ముంతలో ఏమియు పడదు. అట్టి ఇంటికి ఆదివారమునాడు సంఘమే గంప మోసికొని పోవలెను.